కారణం చెప్పి తీయండి

"తలుపు తీయకు," అంది పెరెస్ ముసలమ్మ. తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుందామె.

"తీయడం లేదు నాయనమ్మా. కిటికీలోంచి చూస్తున్నానంతే," అంది మనవరాలు అమోండి.

"కిటికీ కూడా తీయకు."

మరో రాయి వచ్చి పైకప్పు రేకుల మీద పడింది. గడగడమంటూ దొర్లి పెరట్లోకి జారింది. కోళ్లు కకావికలై అరిచాయి.

"ఈ రాయి వేసినవాడు నా దగ్గర మూడో తరగతి చదివాడు," అన్నాడు జాబ్లోన్ ఒపోండో పరదా సందులోంచి చూస్తూ. "గురి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు."

ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వించడానికి అనలేదు. బడి పెద్దమేష్టరుగా జీవితమంతా న్యాలెండా పేట పిల్లలకి అక్షరాలు దిద్దబెట్టిన మనిషి. ఆ పిల్లలే పెద్దవాళ్లై ఇప్పుడు గేటు బయట నిలబడి ఆయన భార్యని దొంగ అంటున్నారు.

వంటింట్లో ఆ భార్యే, రిస్పా, ఒమేనా చేపలు వేయిస్తోంది. రాయి పడ్డప్పుడల్లా గరిటె ఒక్క క్షణం ఆగుతోంది, మళ్లీ కదులుతోంది. మాట మాత్రం లేదు. ఆ వీడియో బయటికి వచ్చిన దగ్గర్నుంచి ఆమె అవసరమైన మాటలు తప్ప ఇంకోటి మాట్లాడలేదు.

వీడియోలో ఏముందో కిసుము ఊరంతటికీ తెలుసు. తెల్ల కోటు వేసుకున్న నర్సు పసిబిడ్డను గుడ్డలో చుట్టుకుని వెనక గేటులోంచి పరుగెడుతుంది. బయట కారు ఆగి ఉంటుంది. "తీసుకున్నాను, తీసుకున్నాను, తొందరగా పోనీ!" అని అరుస్తూ ఎక్కేస్తుంది. అంతే. ఆ బొమ్మ మీద ఎర్రటి అక్షరాలతో ఎవరో రాసిన మాట: పిల్లల్ని అమ్ముకునే నర్సు.

ఆ నర్సు రిస్పా. ఆ గేటు ఈ ఇంటిదే. ముందు రెండు గదులు పురిటి గదులు, వెనక రెండు వాళ్ల సంసారం.

"చూశావా?" అని కూతురి వైపు తిరిగాడు జాబ్లోన్. "ఫోనుల్లో పెట్టే వీడియోల మీద కొత్త చట్టం వద్దంటూ నైరోబీ వీధుల్లో అట్ట పట్టుకుని తిరిగావుగా, మా నోళ్లు మూయకండి అని. ఇదిగో, నోళ్లు తెరుచుకున్నాయి. తనివితీరా విను."

"నేను నోళ్లు మూయొద్దన్నాను నాన్నా. రాళ్లు వేయమని అన్లేదు."

"నోటికీ రాయికీ మధ్య దూరమెంతో ఇప్పటికైనా తెలిసిందా లాయరమ్మకి?"

అమోండి పెదవి కొరుక్కుంది. పొద్దున్నే నైరోబీ బస్సు దిగి, మోటారుసైకిలు మీద ఇంటికొస్తుంటే ఆ నడిపే కుర్రవాడే చెప్పాడు. "ఆ సందులోకా అక్కా? అక్కడ పిల్లల్ని అమ్మే ఆడదాని ఇల్లుంది, జాగ్రత్త." ఆ ఆడదాని కూతుర్నని ఆమె చెప్పలేకపోయింది. మలుపు దగ్గరే దిగిపోయి నడిచొచ్చింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"వీడియో కంపెనీవాళ్లకి రాశానన్నావు, జవాబేదీ?" అన్నాడు తండ్రి.

"వచ్చింది."

"ఏమన్నారు?"

"ఈ వీడియో మా నియమాలకి విరుద్ధంగా లేదన్నారు."

జాబ్లోన్ చేతులు రెండూ పైకెత్తాడు. "విరుద్ధంగా లేదట! మీ అమ్మ తల పగిలితే అప్పుడు విరుద్ధమవుతుందేమో."

"ఆ జవాబు మనిషి రాసింది కాదు నాన్నా. యంత్రం రాసింది. దానికి మన భాష రాదు."

"మరి ఏం చూసి చెప్పింది?"

"బొమ్మ చూసింది. ఆడమనిషి, చేతిలో బిడ్డ. రక్తం లేదు, కొట్లాట లేదు. తప్పేముంది అనుకుంది."

"యంత్రానికి బుద్ధి లేదు సరే, వీధిలో ఉన్నవాళ్లకేమైంది?" అంది పెరెస్ ముసలమ్మ కర్రతో నేల మీద కొడుతూ. "ఆ పెనీనా గొంతు నాకు తెలుస్తూనే ఉంది. దాని ముగ్గురు పిల్లలకీ పురుడు పోసింది నా కోడలు. ఇవాళ అందరికంటే పైన అదే అరుస్తోంది."

"బిడ్డ తల్లి చెప్పింది కదా, నా బిడ్డ నా దగ్గరే ఉందని?" అంది అమోండి.

"చెప్పింది. పాపం, బిడ్డని ఎత్తుకుని సంత మధ్యలో నిలబడి మరీ చెప్పింది. డబ్బిచ్చి నోరు కొనేశారన్నారు. ఇంక ఆ పిల్లని అత్తింటివాళ్లు బయటికి రానివ్వట్లేదు."

జాబ్లోన్ బల్ల మీద ఫోను అందుకున్నాడు. "ఇలా కాదు. నేను ఒబురాకి చేస్తాను."

అమోండి తలెత్తింది. "ఏ ఒబురా?"

"మంత్రిగారి పేషీలో ఉన్నాడే, వాడే. నేనూ వాడూ ఒకే బెంచీ. ఒక్క ఫోను చేస్తే సాయంత్రానికల్లా ఆ వీడియో ఉండదు."

"వద్దు నాన్నా."

"ఏమిటి వద్దు?"

"మంత్రిగారి మనిషి ఫోను చేస్తే కంపెనీ తీసేయడం... ఆ పద్ధతి చట్టంలో ఉండకూడదనే కదా మేం రోడ్డెక్కింది. ఇవాళ అమ్మ కోసం చేస్తారు. రేపు ఆస్పత్రిలో మందుల్లేవని ఎవరైనా వీడియో పెడితే అదే ఫోను, అదే ఒబురా మామయ్య."

"రేపటి సంగతి నాకెందుకు? రాళ్లు ఇవాళ పడుతున్నాయి!"

"మీకెందుకంటే, ఆ వీడియో పెట్టేది మీరే కావచ్చు. బడి పైకప్పు ఎగిరిపోయినప్పుడు ఫొటోలు పెట్టింది మీరు కాదూ? అది తీసేయమని ఎవరైనా ఒక్క ఫోను చేసుంటే మీ బడికి కప్పు పడేదా?"

జాబ్లోన్ ఫోను గట్టిగా పట్టుకున్నాడు. "తల్లి కంటే సూత్రం ఎక్కువైంది నీకు."

 అమోండి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి గాని, తుడుచుకోలేదు. జాబ్లోన్ అన్న మాట వెనక్కి తీసుకోలేదు. ముసలమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

రిస్పా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతులు తుడుచుకుంటూ, మొగుడి చేతిలోని ఫోనుకేసి చూసింది.

"కింద పెట్టండి అమోండి నాన్నా."

"నీ కోసమే చేస్తున్నాను."

"తెలుసు. కింద పెట్టండి."

పెట్టాడు.

"ఒబురా చెబితే ఆ వీడియో పోతుంది. పోయాక వీళ్లేమనుకుంటారు? చూశారా, నర్సుకి పైన మనుషులున్నారు, మాయం చేసేసింది అనుకుంటారు. ఇప్పుడు సగం మంది నమ్ముతున్నారు. అప్పుడు అందరూ నమ్ముతారు." ఆమె గొంతు పెద్దది కాదు. ప్రసవం గదిలో మాట్లాడే గొంతే. "నాకు అది పోవడం కాదు కావలసింది. అది అబద్ధమని ఎవరో ఒకరు చెప్పాలి. కారణం చెప్పి తీయాలి."

తరవాత కూతురి వైపు తిరిగింది. "నీ చట్టంలో అలాంటిదేమైనా ఉందా?"

"నా చట్టం కాదమ్మా..."

"ఎవరిదైతేనేం. ఉందా?"

అమోండి ముక్కు ఎగబీల్చింది. "ఉంది. యంత్రం కాదంటే మనిషి చూడాలని అడగొచ్చు. మన భాష తెలిసిన మనిషినే పెట్టాలి. ప్రభుత్వం వేసిన మండలి ముందు కంపెనీ ఒక్క రోజులో జవాబు చెప్పాలి. తీసినా, తీయకపోయినా కారణం చెప్పాలి."

"ఆ చట్టాన్నేగా నువ్వు వద్దన్నావు?" అన్నాడు జాబ్లోన్.

"మొదట రాసిన చట్టాన్ని వద్దన్నాను. మంత్రి తలుచుకుంటే చాలు, ఏదైనా పీకేయొచ్చని ఉండేది అందులో. అది మార్చారు."

"అయితే నువ్వు గెలిచినట్టా, ఓడినట్టా?"

"నాకే తెలీదు నాన్నా."

 జాబ్లోన్ కుర్చీ లాగి కూతురి పక్కనే కూర్చున్నాడు. "మొదలుపెట్టు. అక్షరదోషాలు నేను చూస్తాను."

* * *

ఫిర్యాదు రాయడం అనుకున్నంత తేలిక కాలేదు. వీడియోలో కనిపించేది అబద్ధమని చెబితే సరిపోదు, జరిగిన నిజమేదో చెప్పాలి. అది రిస్పా నోటి నుంచే రావాలి.

"ఆ పూట ఏం జరిగిందో చెప్పమ్మా."

"ఏముంది చెప్పడానికి? పుట్టింది. ఏడవలేదు."

"అలా కాదు. మొదటి నుంచి."

రిస్పా కూతురికి ఎదురుగా కూర్చుంది. ఇన్నేళ్లలో అమోండి తల్లిని ఈ మాట అడగడం ఇదే మొదలు. ముందు గదుల్లోంచి వచ్చే అరుపుల మధ్యే ఆ పిల్ల హోంవర్కు చేసుకుంది, ఆ అరుపులు వినపడకుండా చెవులు మూసుకుని పెరిగింది, ఆ అరుపులు లేని చోటికి చదువుకోవడానికి వెళ్లిపోయింది.

"మెడ చుట్టూ పేగు పడింది. నెమ్మదిగా విప్పాను. బయటికొచ్చింది గాని, ఒళ్లంతా నీలం. వీపు రుద్దాను, కాళ్లు తట్టాను. ఊపిరి సంచీతో గాలి కొట్టాను. కొంచెం కదిలింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ ఉంది, ఇక్కడ లేదు. అంబులెన్సు కోసం కూర్చుంటే అయ్యేది కాదు. పక్కింటి ఓవినో కారు తీశాడు. నేను బిడ్డను పట్టుకుని పరుగెత్తాను. ఆ బాలింత మొగుడు అంతకుముందు నుంచీ ఫోనులో వీడియో తీస్తూనే ఉన్నాడు, కొడుకు పుట్టాడన్న సంబరం. భయమేసి, ఫోను ఆపడం కూడా మర్చిపోయాడు."

"నువ్వు 'తీసుకున్నాను' అని ఎందుకరిచావు?"

రిస్పా ఆశ్చర్యంగా చూసింది. "ఇంకేమనాలి? బిడ్డ ఊపిరి తీసుకుంటే ఆ బిడ్డని 'తీసుకున్నాను' అంటాం. పురుడు పోసేటప్పుడు మా అత్తగారూ అదే అనేది, వాళ్లమ్మా అదే అనేది. పోతే 'జారిపోయింది' అంటాం. అప్పుడే చిన్నగా మూలిగింది. ఓవినో భయంతో కారు కదపట్లేదు. బతికే ఉంది పోనీరా అని చెప్పాను."

అమోండి రాయడం ఆపేసింది.

"అంటే... నీ నోటి నుంచి వచ్చిన మాట, బిడ్డ బతికింది అని."

"మరి?"

"దాన్నే వాళ్లు దొంగతనం కింద రాశారు."

"ముందూ వెనకా కోసేశారుగా," అంది రిస్పా. "పూర్తి వీడియోలో ఆ పసివాడు ఆస్పత్రిలో ఏడవడం కూడా ఉంది. మేళం వాయించినట్టు ఏడ్చాడు."

ముసలమ్మ కుర్చీలోంచే అందుకుంది. "రాయవే, అది కూడా రాయి. మేళం అని రాయి."

"మేళం ఫిర్యాదులో బాగుండదమ్మా," అన్నాడు జాబ్లోన్.

"నువ్వు పుట్టినప్పుడు నువ్వూ అంతే. నీ మేళం అయితే సరస్సు అవతలి ఒడ్డుకి వినపడింది."

ఈసారి అమోండి నవ్వు ఆపుకోలేకపోయింది. రిస్పా పెదవులు కూడా కదిలాయి. జాబ్లోన్ కళ్లజోడు సవరించుకుని, "మూడో వాక్యంలో క్రియ లేదు," అన్నాడు.

* * *

మర్నాడు పొద్దున టీ తాగుతుండగా ఫోను మోగింది. మండలి నుంచి నెకెసా అనే అధికారిణి. గొంతు మర్యాదగా ఉంది గాని, తొందరగా మాట్లాడుతోంది. కంపెనీ తరఫు మనిషి కూడా లైన్లో ఉన్నాడని, మీ భాష వచ్చినవాడేనని, రిస్పాని కొన్ని ప్రశ్నలు అడుగుతాడని చెప్పింది.

అమోండి ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది. నలుగురూ ముందుకి వంగారు.

"బాగున్నారా అమ్మా?" అన్నాడు అతను. సియాయా వైపు యాస. కుర్ర గొంతు.

"బాగున్నానని ఎలా చెప్పను బాబూ," అంది రిస్పా.

"నిజమే. క్షమించండి."  "మీరు పంపిన పూర్తి వీడియో చూశాను. ఆస్పత్రి కాగితం చూశాను. నాకొక్క మాట కావాలి. కారెక్కేటప్పుడు మీరన్న మాట, అప్పుడెలా అన్నారో అలాగే ఇంకోసారి అంటారా?"

రిస్పా టీ కప్పు కింద పెట్టింది. ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "తీసుకున్నాను, తీసుకున్నాను. తొందరగా పోనీ."

 అటువైపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది.  జాబ్లోన్ ఏదో అనబోతే ముసలమ్మ కర్రతో మోకాలి మీద పొడిచింది.

"మా నాయనమ్మ కూడా ఇదే మాట అనేది," అన్నాడు అతను చివరికి. "నేను పుట్టినప్పుడు ఇంటిల్లిపాదీ పోయాడనే అనుకున్నారట. ఆవిడ ఒక్కతే 'తీసుకున్నాను' అందట. ప్రతి పండక్కీ చెప్పేది. ఈ మాటకి ఆ అర్థం ఉందని యంత్రానికి ఎవరూ చెప్పలేదమ్మా. నేను చెబుతాను."

రిస్పా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

నెకెసా గొంతు మళ్లీ వచ్చింది. వీడియోను తొలగిస్తున్నారు. అది కత్తిరించినదనీ, అందులోని బిడ్డ క్షేమంగా తల్లి దగ్గర ఉందనీ, నర్సు ప్రాణం కాపాడడానికి ఆస్పత్రికి తీసుకెళ్లిందనీ, ఆ వీడియో పంచుకున్న ప్రతి ఒక్కరి ఫోనుకీ సందేశం వెళ్తుంది. వాళ్ల భాష లువోలో వెళ్తుంది, స్వాహిలిలో వెళ్తుంది.

"అందరికీనా?" అన్నాడు జాబ్లోన్.

"అందరికీ సార్."

ఫోను పెట్టేశాక ఎవరూ లేవలేదు. రిస్పా బల్ల మీద తల వాల్చింది. భుజాలు కదులుతున్నాయి. రాళ్లు పడుతున్నప్పుడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. జాబ్లోన్ ఆమె వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. 

"ఏడవనీ," అంది ముసలమ్మ. "ఊపిరి తీసుకుంటోంది."

* * *

సందేశం వీధిలోకి వచ్చిన తీరు చూసి తీరాల్సిందే. అమోండి కిటికీ తెరిచింది. ఈసారి నాయనమ్మ వద్దనలేదు, పైగా తనూ లేచొచ్చి పక్కన నిలబడింది.

టీ కొట్టు దగ్గర ఒకడి ఫోను మోగింది. తీసి చూశాడు. పక్కవాడిది మోగింది. ఆ తరవాత మోటారుసైకిళ్ల స్టాండంతా టింగుటింగుమని. చదివినవాడు పక్కవాడి మొహం చూడలేదు. ఒకడు టైరు నొక్కి చూసుకోవడం మొదలెట్టాడు, ఇంకొకడు ఎవరో పిలిచినట్టు లేచిపోయాడు.

"చూడవే, చూడు," అంది ముసలమ్మ. "టైర్లన్నిటికీ ఒక్కసారే గాలి పోయింది."

గేటు మీది నర్సు బోర్డుకి జనం కొట్టిన బురదని సాయంత్రానికి ఎవరో కడిగేశారు. ఎవరన్నది తెలియదు. చీకటి పడకముందే గేటు దగ్గర దగ్గు వినిపించింది. పెనీనా. చేతిలో ఆకులో చుట్టిన పెద్ద చేప. వెనకాల ఆమె కోడలు, గేటు కమ్మీ పట్టుకుని నడుం వంచి నిలబడి ఉంది.

"చేప తెచ్చాను సిస్టర్," అంది పెనీనా నేల చూస్తూ.

పెరెస్ ముసలమ్మ అడ్డం పడింది. "ఏమే పెనీనా, నిన్న అంత గొంతు చించుకున్నావు, గొంతు నొప్పికి మందు కోసం వచ్చావా? ఇక్కడ ఆ మందు లేదు."

"అత్తా, తిట్టు. పడతాను. లోపలికి రానిచ్చాక తిట్టు. పిల్లకి నొప్పులు మొదలయ్యాయి."

"పెద్దాస్పత్రి ఉందిగా. అక్కడ పిల్లల్ని అమ్ముకునేవాళ్లు లేరు. పో."

"రిస్పా చేతులే కావాలంటోంది అత్తా. నేను వద్దన్నా వినలేదు... అంటే, వద్దనలేదు, సిగ్గేసి..." పెనీనా మాట తడబడి ఆగిపోయింది.

రిస్పా అప్పటికే వాకిట్లోకి వచ్చేసింది. పెనీనాని చూడలేదు. కోడలి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "నొప్పికీ నొప్పికీ మధ్య మాట్లాడగలుగుతున్నావా తల్లీ?"

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"అయితే నడువు. లోపల చెప్పుకుందాం." వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగింది. "చేప వంటింట్లో పెట్టు పెనీనా. పొయ్యి వెలిగించి నీళ్లు కాచు. ఏడవడానికి తరవాత తీరుబడి దొరుకుతుంది."

జాబ్లోన్ మొక్కజొన్నపిండితో ఉగాలి కలుపుతూ, అమోండి చేప కోస్తూ, ముసలమ్మ పెనీనాని తిడుతూ, పెనీనా ఆ తిట్లకి ప్రతిసారీ "అవునత్తా" అంటూ... ఆ ఇల్లు మళ్లీ ఇల్లులా అయింది.

"నిన్న అన్న మాట," అన్నాడు జాబ్లోన్, గరిటె మీద నుంచి చూపు తీయకుండా. "తల్లి కంటే సూత్రం అని."

"ఊఁ."

"తొందరపడ్డాను."

"నేను మలుపు దగ్గర బండి దిగిపోయాను నాన్నా. అది మా ఇల్లేనని బండి నడిపే అబ్బాయికి చెప్పలేక." అమోండి కత్తి పక్కన పెట్టింది. "అమ్మ పేరు చెప్పడానికి సిగ్గుపడ్డాను."

జాబ్లోన్ ఉగాలి తిప్పడం ఆపలేదు. "రేపు అదే బండి పిలిచి, ఇంటి ముందు దాకా తెప్పించుకో. అమ్మ పేరు చెప్పి మరీ ఎక్కి, సంత దాకా వెళ్లిరా. డబ్బులు నేనిస్తాను."

ముందు గదిలోంచి పెద్ద అరుపు. తరవాత ఏమీ లేదు. వంటింట్లో నలుగురూ బిగుసుకుపోయారు. 

అప్పుడు ఏడుపు. సన్నగా మొదలై, గొంతు దొరికించుకుని, ఇల్లంతా నిండింది.

"తీసుకున్నాను!" అని అరిచింది రిస్పా. మామూలుగా గొంతెత్తని మనిషి, వీధి చివరి టీ కొట్టుకి వినపడేలా అరిచింది. "తీసుకున్నాను!"

పెనీనా నేల మీద కూలబడి, తల మీది గుడ్డలో మొహం దాచుకుంది. ముసలమ్మ ఆమె నెత్తి మీద చెయ్యి వేసింది. "చాల్లే, లే. నాయనమ్మవయ్యావు, లేచి చేప తిను."

* * *

మర్నాడు ఆదివారం. ప్రార్థన నుంచి వచ్చి అందరూ మామిడిచెట్టు నీడలో కూర్చున్నారు. పొద్దుట్నుంచీ రిస్పా చేతిని పట్టుకోనివాళ్లు లేరు. పాదిరి పేరెత్తి దీవించాడు. అమోండి సాయంత్రం బస్సుకి సంచీ సర్దుకుంటోంది. ఫోను మోగితే, ఆఫీసు మనుషులై ఉంటారని చూసింది. నెకెసా.

"ఆదివారం పూట ఇబ్బంది పెడుతున్నాను. అమ్మగారు ఉన్నారా? ఆ ఎర్రక్షరాల వీడియో మొదట పెట్టినామె అప్పీలు చేసింది."

అమోండి ఫోను చెవి నుంచి తీసి, అందరి మధ్యా పెట్టి, స్పీకరు నొక్కింది. "అప్పీలా? కత్తిరించానని ఒప్పుకుందా లేదా?"

"ఒప్పుకుంది. కత్తిరించాను, రాతలు రాశాను అంది. కానీ తను అబద్ధం చెప్పలేదంటోంది. తన మాట వినకుండా తీసేశారంటోంది. చట్ట ప్రకారం ఆమె మాట వినాలి. పెట్టినవాళ్లకి కూడా ఆ హక్కు ఉంది కదా."

"ఉంది," అంది అమోండి నెమ్మదిగా. ఆ హక్కు లేకపోతే చట్టమే వద్దని అరిచినవాళ్లలో ఆమె గొంతూ ఉంది. తండ్రి తన వైపు చూస్తున్నాడని తెలిసినా అటు తిరగలేదు.

"ఎవరామె?" అంది రిస్పా.

"పేరు చెప్పమని ఆమే అడిగింది. ఎవర్లీన్ అకుము."

రిస్పా చేతిలో వలుస్తున్న వేరుశనగకాయలు అలాగే ఉండిపోయాయి.

"ఎవరమ్మా?" అంది అమోండి.

"నువ్వు హైస్కూల్లో ఉన్నప్పటి మాట." రిస్పా గొంతు తగ్గింది. "ఆమె బిడ్డ జారిపోయింది. కడుపులోనే పోయింది. ఆమెకి రక్తం ఆగలేదు, తెలివి తప్పింది. పెద్దాస్పత్రికి చేర్చాం. ఆమె కళ్లు తెరిచేలోపే అత్తవారు బిడ్డని తీసుకెళ్లి పూడ్చేశారు. చూస్తే ఇంకో బిడ్డ నిలవదని వాళ్ల నమ్మకం. ఆస్పత్రి నుంచి అటే పుట్టింటికి పంపేశారు. ఆ తరవాత నేనామెని చూడలేదు."

"మీరు బిడ్డని గుడ్డలో చుట్టి వెనక గేటులోంచి తీసుకెళ్లడం చూశానంటోంది," అంది నెకెసా. "మగతలో ఉన్నా చూశానంటోంది. మొన్న ఆ పసివాడి తండ్రి పెట్టిన పూర్తి వీడియోలో అదే గేటు, అదే పరుగు చూసి... నా బిడ్డ ఎక్కడో బతికే ఉంది, ఆ నర్సు అమ్మేసింది అంటోంది."

పెరెస్ ముసలమ్మ చేతికర్ర పక్కన పెట్టింది. 

"నువ్వు వెళ్లనక్కర్లేదమ్మా," అంది అమోండి తొందరగా. "నేను జవాబు రాస్తాను. నిర్ణయం మన వైపే ఉంది, మారదు."

"అవును," అన్నాడు జాబ్లోన్. "అయిపోయిన సంగతి. మళ్లీ ఎందుకు తవ్వుకోవడం?"

రిస్పా వేరుశనగకాయలు పళ్లెంలో పెట్టి, ఒళ్లో పడ్డ పొట్టు దులుపుకుంది. "నా మాట వినండని నేనడిగాను. విన్నారు. ఆమె అడిగేదీ అదేగా."

ఫోను దగ్గరికి వంగింది.

"నెకెసా తల్లీ, నేనొస్తాను. ఎప్పుడంటే అప్పుడు. ఈలోగా ఆమెకి నా మాటగా ఒకటి చెబుతావా? గేటులోంచి బిడ్డని తీసుకెళ్లింది నేను కాదు, ఆమె అత్తగారు. కానీ ఆమెని ఆస్పత్రిలో చేర్చాక, ఆ బిడ్డ ఒంటరిగా పోకూడదని నేనూ వెళ్లాను. ఎక్కడ పడుకోబెట్టారో చూశాను. ఆ చోటు నాకు తెలుసు."

 అటువైపు కుర్చీ జరిగిన చప్పుడైంది. ఇంతసేపూ పక్కనే వింటున్న ఎవరో ఫోనుకి దగ్గరగా వచ్చినట్టు ఊపిరి వినిపించింది, ఆగి ఆగి.

"ఎక్కడ?" అంది ఇంకో ఆడ గొంతు.